ముందు మొక్క, తర్వాతే చేప

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. మావయ్య కైకలూరు దగ్గర చేపల చెరువులు చేసినవారు, నీటి రంగు చూసి చెరువు ఎలా ఉందో చెప్పగలరు. మేనకోడలు విజయవాడలో పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతుంది. తగాదా ఒక చిన్న గాజు తొట్టె గురించి. పొడవు అడుగున్నర, రాళ్ళూ ఇసుకా పోను పట్టేది 30 లీటర్లకు లోపు నీళ్ళు. అందులో బతికున్న మొక్కలూ, మాస్ అనే వేరులేని సన్నటి మొక్కలూ పెంచాలా, లేక ఫిల్టరూ ప్లాస్టిక్ ఆకులూ సరిపోతాయా అన్నది ప్రశ్న. నా పక్షం మేనకోడలిదని ముందే చెబుతున్నాను. అయినా సంవాదంగానే రాస్తున్నాను, ఎందుకంటే అక్వేరియం మొక్కల మీద మామూలుగా వినిపించే అభ్యంతరాలు ఖర్చు దగ్గరో తీరిక దగ్గరో ఆగిపోతాయి. చెరువు తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నలు అంతకంటే లోతైనవి. వాటికి జవాబు చెప్పకుండా మొక్కల్ని మెచ్చుకుంటూ పోవడం సరికాదు.

మావయ్య: అమ్మాయ్, చెరువులో మేం మొట్టమొదట చేసే పని నాచు తీయించడం. పిల్ల వదలకముందే తీయించేస్తాం. పగలు ఎండలో మొక్క ఆక్సిజన్ వదులుతుంది, నిజమే. పొద్దు గూకాక అదే మొక్క చేపతో పాటు ఆక్సిజన్ పీల్చడం మొదలుపెడుతుంది. నీళ్ళలో ప్లాంక్టన్ ముదిరిందంటే తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి బొచ్చెలూ శీలావతులూ పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఆ వేళప్పుడు ఏరేటర్లు తిరగకపోతే తెల్లారేసరికి గట్టు పొడుగునా చచ్చిన చేపలే. ఎకరాల కొద్దీ నీళ్ళలోనే ఇలా ఉంటే, నువ్వు చెప్పే రెండు బిందెల నీళ్ళలో మొక్కలు కిక్కిరిస్తే చేప గతేం కావాలి? ఇంకో సంగతి, మొక్క అన్నాక ఆకు రాలుతుంది. రాలిన ఆకు కుళ్ళి అమ్మోనియా అవుతుంది. ప్లాస్టిక్ ఆకు కుళ్ళదు, ఊపిరి పీల్చదు, పాచి పడితే కడిగి పెట్టుకోవచ్చు. నీళ్ళు శుభ్రం చేయడానికి ఫిల్టరుంది. నాలుగడుగుల తొట్టెలో మొక్కలు పెంచుతానంటే అడ్డు చెప్పను, అక్కడ పొరపాటు చేసినా సర్దుకోవడానికి నీళ్ళుంటాయి. చిన్నదాంట్లో మాత్రం వద్దంటాను.

మేనకోడలు: సర్దుకోవడానికి నీళ్ళు లేకపోవడమే నా వాదనకు మొదలు, మావయ్యా. చేప తన వ్యర్థంలో ఎక్కువ భాగాన్ని మొప్పల ద్వారా అమ్మోనియాగా వదులుతుంది. మీ చెరువులో అది వేల ఘనమీటర్ల నీళ్ళలో పలచబడుతుంది. నా తొట్టెలో నాలుగు గింజల మేత ఎక్కువైతే చాలు, కొలతలో కనబడుతుంది. పైగా మన నీళ్ళు ఉప్పునీళ్ళు, బోరు నీళ్ళు. పీహెచ్ 8 దగ్గర ఉండడం మామూలు. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే, మొత్తం అమ్మోనియాలో చేపకు విషమయ్యే వాయురూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే 8 అయితే ఐదు వంతులు దాటుతుంది, 30 డిగ్రీల వేడిలో ఏడు దాటుతుంది. అంటే ఒక ఊళ్ళో హాని చేయని మేత ఇంకో ఊళ్ళో చేపను చంపగలదు. ఫిల్టరులోని బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది, కాదనను. కానీ అది కుదురుకోవడానికి వారాలు పడుతుంది, పని చేస్తున్నంతసేపూ ఆక్సిజన్ తింటుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని పూర్తిగా నైట్రేట్ కావాలంటే సుమారు 4.5 గ్రాముల ఆక్సిజన్ కావాలి. మీరు మొక్క మీద మోపిన నేరం ఫిల్టరు మీద కూడా ఉంది, అది రాత్రీ పగలూ ఉంది. మొక్క ఆ దారిన పోదు. అమ్మోనియాను అమ్మోనియం రూపంలో నేరుగా పీల్చుకుని తన ఆకుగా మార్చుకుంటుంది. నీటి మొక్కల్లో చాలా రకాలు నైట్రేట్ కంటే అమ్మోనియంనే ముందు తీసుకుంటాయని డయానా వాల్‌స్టాడ్ అక్వేరియం మొక్కల మీద 1999లో వచ్చిన తన పుస్తకంలో ఎన్నో పరిశోధనలు పోగుచేసి చూపించారు. ఆ నత్రజని చివరికి నీళ్ళలో మిగలదు. కత్తెరతో కత్తిరించి బయట పడేస్తాం.

మావయ్య: పుస్తకంలో బాగానే ఉంటుంది. మొక్క చేపకు ఆక్సిజన్ ఇస్తుంది, చేప మొక్కకు ఎరువు ఇస్తుంది, ఇద్దరూ సుఖంగా ఉంటారు అన్న సమతూకం కథ నేనూ విన్నాను. చెరువులో అలాంటి సమతూకం నాకెప్పుడూ కనబడలేదు. మేత ఆపితే చేప ఎదగదు, మేత వేస్తే నీరు చెడుతుంది. మధ్యలో మనిషి ఉండాల్సిందే.

మేనకోడలు: ఉండాల్సిందే. ఆ సమతూకం కథ చెప్పిన తొలివాళ్ళలో ఒకరు చేసిన పనిని దగ్గరగా చూస్తే మీ మాటే తేలుతుంది. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1849లో సుమారు 12 గ్యాలన్ల గాజు పాత్రలో సగానికి ఊటనీళ్ళు పోశాడు. సగమంటే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది లీటర్లు, మనం తగాదా పడుతున్న తొట్టె నీళ్ళే. అడుగున ఇసుక, మట్టి. అందులో ఒక వాలిస్నేరియా మొక్క, రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లు. కొంతకాలం అన్నీ బాగానే సాగాయి. తర్వాత మొక్క పాత ఆకులు కుళ్ళడం మొదలైంది, నీళ్ళు మసకబారాయి, గాజుకూ ఆకులకూ జిగురు పాచి పట్టింది. మొక్కొక్కటీ ఉంటే చాలనుకున్న లెక్క అక్కడ తప్పింది. అప్పుడతను చెరువు నత్తల్ని వేశాడు. అవి కుళ్ళిన ఆకునూ జిగురునూ తినేశాయి, వాటి గుడ్లు చేపకు ఆహారమయ్యాయి, నీళ్ళు తేరుకున్నాయి. 1850లో లండన్ కెమికల్ సొసైటీకి అతను ఇచ్చిన వివరణలో నాకు నచ్చేది ఈ భాగమే. మొక్క, చేప అని రెండు పేర్లతో కథ ముగించకుండా, కుళ్ళును ఎవరు తింటారన్న మూడో ప్రశ్నకు చోటిచ్చాడు. మీరన్న రాలిన ఆకు అభ్యంతరానికి నా జవాబు కూడా అదే. పండిన ఆకును చేత్తో తీసెయ్యాలి, చేతికి అందనిది నత్తకో రొయ్యకో వదలాలి, వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మార్చాలి. మొక్క పెట్టాం కదా అని నీళ్ళు మార్చడం మానేస్తామనే వాళ్ళ వైపు నేను లేను.

మావయ్య: రాత్రి సంగతి దాటేశావు.

మేనకోడలు: దాటెయ్యలేదు, అక్కడికే వస్తున్నాను. వెలుగు ఉన్నప్పుడే ఆకు మంచి గాలిని ఇస్తుందనీ, చీకట్లో గాలిని చెడగొడుతుందనీ డచ్చి వైద్యుడు ఇంగెన్‌హౌజ్ 1779లోనే రాశాడు. నీళ్ళలో ముంచిన ఆకుల మీద లేచే బుడగల్ని లెక్కలోకి తీసుకుని కనుక్కున్నాడు. మీ చెరువు గట్టు మీద తెలిసిన సత్యమే అది. అయితే చెరువులో ఆక్సిజన్ పడిపోవడానికి వెనక ఉన్నవి వేరు. పేడా ఎరువూ మేతా పడి పచ్చగా చిక్కబడిన నీరు, అడుగున బురద, ఎకరానికి వేలల్లో చేప, లోతుతో పోలిస్తే గాలి తగిలే పైభాగం తక్కువ. అడుగు లోతు తొట్టెలో నీటి పైభాగం కాస్త కదులుతుంటే రాత్రంతా గాలిలోంచి ఆక్సిజన్ దిగుతూనే ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర నీరు లీటరుకు 8 మిల్లీగ్రాములకు కాస్త పైగా ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీలకు ఏడున్నర. ఆ వేడిలో మీ భయానికి బలం పెరుగుతుంది, ఒప్పుకుంటాను. అందుకే రాత్రిపూట బుడగలు వదిలే గాలిరాయి ఆడించమంటాను. కానీ ఊపిరి ఎంత పీలుస్తుందన్నది మొక్క ఎంత వేగంగా పెరుగుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. నేను పెట్టమంటున్నవి జావా ఫెర్న్, అనూబియాస్, మాస్. నెలకు ఒకటో రెండో ఆకులు వేసే మొక్కలు ఆ మొదటి రెండూ. సిలిండరు పెట్టి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి, కళ్ళు చెదిరే లైటు కింద నెలకోసారి గంపెడు కోసే పద్ధతికి మీ హెచ్చరిక పూర్తిగా వర్తిస్తుంది.

మావయ్య: జపాన్ ఫొటోల్లో చూసేది ఆ పద్ధతే కదా. జనం అది చూసే కొంటున్నారు.

మేనకోడలు: అవును, చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ జపాన్ తొట్టెలకు పేరు తెచ్చిన తకాషి అమనో (1954–2015) చేసిన పనిని తక్కువ చేయను. రిచియా అనే తేలే మొక్కను రాళ్ళకు కట్టి నీటి అడుగున పచ్చికలా పరిచాడు, పాచి తినే రొయ్యను తొట్టెల్లోకి తెచ్చాడు, నీటి మొక్కల్ని చూసే చూపునే మార్చాడు. కానీ ఆ తొట్టెల వెనక గ్యాసు, బలమైన లైటు, కొలిచి వేసే ఎరువు, తరచు నీటి మార్పిడి, రోజూ కనిపెట్టుకుని ఉండే మనుషులు ఉంటారు. మనవాళ్ళు ఫొటోలోంచి లైటు ఒక్కటే తెచ్చుకుంటారు. నెల తిరక్కుండా ఆకుల అంచుల మీద నల్లటి వెంట్రుకల పాచి, గాజు మీద పచ్చటి పొర. అప్పుడు మొక్కలు మనకు అచ్చిరావని పీకేస్తారు. వరిలో జింకు తక్కువైన మడిలో ఎంత యూరియా చల్లినా పైరు కోలుకోదని మీకు తెలుసు, ఏది తక్కువో అదే పెరుగుదలకు హద్దు పెడుతుంది. తొట్టెలో తక్కువయ్యేది సాధారణంగా కార్బన్. కార్బన్ డయాక్సైడ్ గాలిలో కంటే నీళ్ళలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది, అందుకే నీటి మొక్క ఎప్పుడూ ఆకలితోనే ఉంటుంది. పీహెచ్ 8 ఉన్న నీళ్ళలో కార్బన్ దాదాపుగా అంతా బైకార్బనేటు రూపంలో ఉంటుంది. మన కాలువల్లో పెరిగే హైడ్రిల్లా, వాలిస్నేరియా ఆ బైకార్బనేటును వాడుకోగలవు. ఫాంటినాలిస్ అనే నీటి మాస్ మీద జరిగిన పాత ప్రయోగాల్లో అది వాడుకోలేదని, కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ మీదే ఆధారపడుతుందని తేలింది. అలాంటి మొక్క మీద లైటు పెంచితే ఏమవుతుంది? మొక్క తినలేని వెలుగంతా పాచికి మిగులుతుంది. సన్నటి పోగులుగా ఉండే పాచికి తన ఒంటి పరిమాణంతో పోలిస్తే నీటిని తాకే భాగం చాలా ఎక్కువ, ఉన్న కాస్త ఆహారాన్నీ అదే ముందు లాక్కుంటుంది. కాబట్టి చిన్న తొట్టె మొక్కల పెంపకంలో అసలు నేర్పు వెలుగును తగ్గించడంలో ఉంది. మామూలు లైటు, రోజుకు ఆరు గంటలు, టైమరుతో. కిటికీ ఎండ తగలని చోటు. ఇంత చిన్న మాట చెప్పడానికి ఇంత వివరం ఎందుకంటే, దుకాణంలో ఎవరూ తక్కువ వెలుగు అమ్మరు.

మావయ్య: సరే, వెలుగు తగ్గించావు, నెమ్మదిగా పెరిగే మొక్క పెట్టావు. నెమ్మదిగా పెరిగేది అమ్మోనియాను కూడా నెమ్మదిగానే తీసుకుంటుంది కదా? ఇందాక ఆక్సిజన్ దగ్గర నెమ్మదితనం నీకు పనికొచ్చింది. ఇప్పుడు అదే నీకు అడ్డం తగులుతోంది.

ఈ సంవాదంలో మావయ్య వేసిన అన్నిటికంటే గట్టి దెబ్బ ఇదే అనుకుంటాను. మొక్క ఎక్కువ శుభ్రం చేయాలంటే ఎక్కువ పెరగాలి, ఎక్కువ పెరగాలంటే ఎక్కువ వెలుగు కావాలి. తక్కువ వెలుగునూ మొక్క చేసే శుభ్రతనూ ఒకే నోటితో పొగడడం కుదరదు. మేనకోడలి జవాబు చేపల సంఖ్య తగ్గించడం వైపు తిరగక తప్పదు.

మేనకోడలు: అడ్డం తగులుతోంది, నిజమే. దానివల్ల తగ్గాల్సింది చేపల లెక్క. మనవాళ్ళు ముందు చేపలు కొని, వాటి చుట్టూ ఖాళీ కనబడితే మొక్క గుచ్చుతారు. నేను వరస తిప్పమంటున్నాను. తొట్టె ముందు మొక్కలది. అవి మోయగలిగినంత మేరకే చేప. 30 లీటర్లలో ఒక బెట్టా చేప, లేదా ఓ గుప్పెడు చెర్రీ రొయ్యలు. గోల్డ్ ఫిష్‌కు అందులో చోటు లేదు. మొదట్లో వేగంగా పెరిగే హైడ్రిల్లా కొంత తేలవిడిస్తే అమ్మోనియా భారం అది పంచుకుంటుంది, కుదురుకున్నాక తగ్గించవచ్చు. దానికి లైటుకు దగ్గరగా ఉండే అవకాశం ఉంది, బైకార్బనేటును వాడుకోగలదు కాబట్టి కార్బన్ కరువూ తక్కువ. ఇక మాస్ చేసే పని పీల్చుకోవడం ఒక్కటే కాదు. ఒక పోగు మాస్ తీసి వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి మావయ్యా. కాండం కుట్టు దారమంత సన్నం, దాని మీద ఒత్తుగా మిల్లీమీటరు అటూ ఇటూగా ఉండే ఆకులు, ఒక్కో ఆకు మందం ఒకే ఒక్క కణం. వేరు లేదు. అడుగున రాయిని పట్టుకునే గోధుమరంగు పోగులు పట్టు కోసమే ఉన్నాయి తప్ప తిండి కోసం కాదు. ఒళ్ళంతా నీళ్ళలోంచే తింటుంది. కొసల్లో లేత పచ్చ, లోపలికి పోయేకొద్దీ ముదురు, నడిమధ్య వెలుగు అందక గోధుమరంగు. ఆకుకూ ఆకుకూ మధ్య సన్నటి మడ్డి, ఆ మడ్డిలో కంటికి ఆనని జీవులు, వాటికోసం గంటల తరబడి గీరుతూ ఉండే రొయ్య. నీళ్ళు శుభ్రం చేసే బాక్టీరియాకు కూడా ఆ ఆకులే నివాసం, అది ఫిల్టరులోనే ఉండాలని నియమం లేదు.

మావయ్య: ఆ మడ్డే చివరికి నీళ్ళు పాడుచేసేది.

మేనకోడలు: వదిలేస్తే చేస్తుంది. నీళ్ళు మార్చేటప్పుడు తీసిన నీళ్ళలోనే మాస్‌ను మెల్లగా పిండి జాడించాలి. కొళాయి కింద కడిగితే క్లోరిన్ ఆ జీవులన్నిటినీ చంపుతుంది. గడ్డ మందమైతే కత్తిరించాలి, లేకపోతే నడుమ కుళ్ళి రాయి నుంచి ఊడిపోతుంది. కొత్తగా కట్టేటప్పుడు పలచగా పరిచి నూలు దారంతో చుడితే, దారం శివికేలోపు అదే పట్టుకుంటుంది. జావా ఫెర్న్, అనూబియాస్‌ల దుంపకాండాన్ని ఇసుకలో పాతితే కుళ్ళుతుంది, దాన్నీ రాయికే కట్టాలి. పాచి పోతుందని రాగి కలిసిన మందు పోస్తే ముందు పోయేది రొయ్య, ఆ వెనకే మాస్. కొత్తగా తెచ్చిన క్రిప్టోకోరైన్ ఆకులన్నీ వారంలో కరిగిపోతే చచ్చిందనుకుని పారెయ్యకూడదు. నర్సరీలో అది నీటిపైన గాలిలో పెరిగింది, నీటి అడుగుకు తగిన ఆకులు మళ్ళీ వేసుకోవాలి. కరిగిన ఆకులు తీసేసి వేరును కదపకుండా ఉంచితే చాలు.

మావయ్య: మే నెల మాట చెప్పు. విజయవాడలో ఇంట్లోనే 35 డిగ్రీలుంటుంది. చెరువులో అడుగుకు పోతే చల్లగా ఉంటుంది, చేప అక్కడికి దిగుతుంది. నీ తొట్టెకు అడుగే లేదు.

మేనకోడలు: ఇక్కడ సగం మీదే గెలుపు. ఫిసిడెన్స్, క్రిస్మస్ మాస్ లాంటివి చల్లదనం కోరతాయి, ఏసీ లేని ఇంట్లో వాటిని కొనొద్దనే చెబుతాను. జావా మాస్ 30 దాకా ఓర్చుకుంటుంది, ఆపైన పెరగడం మానేసి గోధుమరంగుకు తిరుగుతుంది. అనూబియాస్, వాలిస్నేరియా గట్టివి. నీటి పైభాగానికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోతుంది, రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. హైదరాబాద్ పొడి ఎండలో ఇది బాగా పనిచేస్తుంది, మన కోస్తా ఉక్కలో అంత కాదు. ఆవిరైన నీరు ఉప్పును వెనకే వదిలిపోతుంది కాబట్టి నింపేటప్పుడు బోరు నీళ్ళు కాకుండా ఆర్వో నీళ్ళో వాననీళ్ళో పోయాలి. ఆ ఎండలున్నన్నాళ్ళూ మేత సగానికి తగ్గించాలి. ఇంత చేసినా మాస్ కొంత పోతుంది. మిగిలిన పచ్చటి పోగుల నుంచి వర్షాకాలంలో మళ్ళీ వస్తుంది.

మావయ్య: నాకు అన్నిటికంటే బాధగా ఉన్నది ఇంకోటి. మీ అక్వేరియాల్లోంచి వచ్చిన సక్కర్ చేప ఇవాళ మా చెరువుల్లో వలలు చింపుతోంది. గుర్రపు డెక్క కాలువల్ని ఎలా మింగిందో చూశావు. అది కూడా పువ్వు బాగుందని తెచ్చిందే. ఎక్కడెక్కడి మొక్కల్నో ఇంటింటికీ పంచిపెట్టి, విసుగొచ్చాక కాలవలో పారబోస్తే ఎవరు తీస్తారు?

మేనకోడలు: దీనికి ఎదురు చెప్పను. ఇంకా చేరుస్తాను కూడా. మన కాలువల్లో మామూలుగా ఉండే హైడ్రిల్లాను 1950ల మొదట్లో అక్వేరియం వ్యాపారం కోసం అమెరికాకు తీసుకెళ్ళారు. ఫ్లోరిడాలో ఒక కాలువలో పడింది, ఇప్పటికీ అక్కడి సరస్సుల్లో దాన్ని అదుపు చేయడానికి ఏటా డబ్బు పోస్తున్నారు. 2020లో కోళికోడ్ జిల్లాలో ఒక కాలువ గులాబీ రంగు పూలతో నిండితే జనం చూడడానికి ఎగబడ్డారు. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కబోంబా. 2021లో అమెరికాలో మాస్ బాల్స్ అని అమ్మే పచ్చటి ఉండల్లో జీబ్రా ఆల్చిప్పలు బయటపడ్డాయి. ఆ ఉండ మాస్ కాదు, ఒక రకం పాచి, అది వేరే సంగతి. నేను చెప్పగలిగింది ప్రవర్తన గురించే. కత్తిరించిన ప్రతి పోగూ ఎండలో కరకరలాడేదాకా ఎండి పూలకుండీలోకి పోవాలి. తొట్టె నీళ్ళు కుండీలకే పోవాలి, కాలవకు కాదు. బోర్నియో వాగుల్లో రాళ్ళ మీద నుంచి పీకి తెచ్చే బుసెఫలాండ్రా లాంటి వాటిని కొనకూడదు. కొత్త మొక్క టిష్యూ కల్చర్ డబ్బాలో దొరికితే అదే తీసుకోవాలి, అందులో నత్త గుడ్డూ ఆల్చిప్పా ఉండవు. మన కాలువ మొక్క తెచ్చుకుంటే పారిపోతుందన్న భయం లేదు కానీ, పొలాల మందు దానితో వస్తుంది. అది రొయ్యను చంపుతుంది. అలాంటిదాన్ని కొన్ని వారాలు విడి బక్కెట్లో ఉంచి నీళ్ళు మారుస్తూ ఉండాలి. నెమ్మదిగా పెరిగే మొక్కల వైపు నేను మొగ్గడానికి ఇదీ ఒక కారణం. పారెయ్యాల్సింది తక్కువ పుడుతుంది.

మావయ్య: నువ్వు చెప్పిన వాటిలో నేను నమ్మనిది ఇంకా ఒకటుంది. అమ్మోనియాను తీసేది నీ మొక్కే, ఫిల్టరు కాదు అని ఎలా తెలుసు? ముందు మొక్క, తర్వాతే చేప అంటున్నావు కదా, చేపల్లేకుండా మొక్కలు ఒక నెల పెంచావే అనుకో. నెలాఖరుకు కొలిస్తే సున్నా వస్తుంది. మేతే వెయ్యని చెరువులో అమ్మోనియా సున్నా వస్తే దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

మేనకోడలు: తీసుకోకూడదు. రోజూ చిటికెడు మేత వేస్తాను, అది కుళ్ళి చేప చేసే పనే చేస్తుంది. ఒకే కొలత రెండు సీసాలు పెడతాను, ఒకే నీళ్ళు, ఒకే ఇసుక, ఒకే మేత. ఒకదాంట్లో రాయికి కట్టిన మాసూ కాస్త హైడ్రిల్లా, రెండోదాంట్లో ఉత్త రాయి. ఫిల్టరు దేంట్లోనూ ఉండదు, గాలిరాయి రెంటిలోనూ ఉంటుంది.

మావయ్య: అమ్మోనియా ఒక్కటే కొలిస్తే చాలదు. రెంటిలోనూ బాక్టీరియా పుడుతుంది, కొన్నాళ్ళకు రెంటిలోనూ సున్నాకు వస్తుంది.

మేనకోడలు: అందుకే నైట్రైట్, నైట్రేట్ కూడా కొలవాలి. తీసింది బాక్టీరియా అయితే నైట్రైట్ ఒకసారి పైకి లేచి దిగుతుంది, నైట్రేట్ వారం వారం పేరుకుంటూ పోతుంది. మొక్క తీసుంటే ఆ నత్రజని ఆకులోకి వెళ్ళిపోయి ఉంటుంది, నైట్రేట్ అంతగా పెరగదు. రెండు సీసాల నైట్రేట్‌కూ తేడా లేకపోతే నా మాట వెనక్కి తీసుకుంటాను.

మావయ్య: నీళ్ళు మా భీమవరం ల్యాబుకు పంపు. కొలిచేది ఏ సీసా ఏదో తెలియనివాళ్ళై ఉండాలి. సీసాల మీద పేర్లు రాయొద్దు, అంకెలు వెయ్యి.